ఇంగల్స్ వారి కుటుంబం: పుస్తకాల్లో ఉన్నదీ, లేనిదీ

(సాహిత్య వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను సాహితీవేత్తను కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. పొద్దున్నుంచి అవధానం విన్నారు, కథా చర్చ విన్నారు. భోజనాల గంట కొట్టేలోగా మీకో అమెరికన్ రైతు కుటుంబం కథ చెబుతాను. మన పిల్లల్లో చాలామందికి ఈ కుటుంబం తెలుసు. మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో లైబ్రరీ నుంచి "లిటిల్ హౌస్" పుస్తకాలు తెచ్చుకుని ఉంటారు. 1974 నుంచి 1983 వరకూ ఎన్‌బీసీలో సీరియల్‌గా కూడా వచ్చింది. ఆ పుస్తకాలు రాసిన లారా ఇంగల్స్ వైల్డర్ పుట్టింటి వాళ్ళ చరిత్రే ఈరోజు నా విషయం.

మా అమ్మాయికి ఆ పుస్తకాలు చదివి వినిపిస్తున్నప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. ఒక పుస్తకం ముగిసి ఇంకో పుస్తకం మొదలయ్యేసరికి మధ్యలో కొన్నేళ్ళు కనబడవు. లెక్క కుదరకపోతే మనబోటివాళ్ళకు నిద్ర పట్టదు కదా! అలా జనాభా లెక్కలు, భూమి కాగితాలు, జీవిత చరిత్రలు చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులో తేలిందేమిటంటే, ఈ కుటుంబానికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి పిల్లలకు చెప్పినది. రెండోది ఆఫీసు కాగితాల్లోనూ, లారా ముందుగా రాసుకున్న చిత్తుప్రతిలోనూ మిగిలినది.

ముందు మనుషుల్ని పరిచయం చేస్తాను. తండ్రి చార్లెస్ ఇంగల్స్. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. తల్లి కారొలైన్ క్వైనర్. 1839లో విస్కాన్సిన్‌లో పుట్టింది. ఆవిడకు ఐదేళ్ళప్పుడే తండ్రి పోయాడు. కష్టపడి చదువుకుని, పెళ్ళికి ముందే బడిపంతులమ్మగా పనిచేసింది. 1860 ఫిబ్రవరి 1న వీళ్ళ పెళ్ళి. ఇక్కడ మనవాళ్ళకు నచ్చే సంగతి ఒకటుంది. చార్లెస్ చెల్లెలు పాలీని కారొలైన్ అన్న హెన్రీ చేసుకున్నాడు. చార్లెస్ అన్న పీటర్ కారొలైన్ చెల్లెలు ఎలైజాను చేసుకున్నాడు. మన ఊళ్ళలో కుండమార్పిడి పెళ్ళిళ్ళు అంటామే, అచ్చం అదే! ఆ రోజుల్లో అడవి కొట్టి పొలం చేసుకోవాలంటే మనుషులు కావాలి. బావా బావమరుదులే ఒకరికొకరు కూలీలు, ఒకరికొకరు బ్యాంకు.

1863లో చార్లెస్, బావ హెన్రీ కలిసి విస్కాన్సిన్‌లోని పెపిన్ దగ్గర 160 ఎకరాలు కొన్నారు. అక్కడే 1865లో పెద్దమ్మాయి మేరీ, 1867 ఫిబ్రవరి 7న లారా పుట్టారు. మొదటి పుస్తకంలోని "పెద్ద అడవి" ఇదే.

1869లో చార్లెస్ భార్యాబిడ్డల్ని బండెక్కించుకుని కాన్సస్ వెళ్ళాడు. అప్పటికి లారాకు రెండున్నరేళ్ళు. అంటే "లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ"లో లారా కళ్ళతో చూసినట్టు రాసినదంతా అమ్మానాన్నలు పొయ్యి దగ్గర కూర్చుని చెప్పగా విన్నదే. పుస్తకంలో ఆ ఇల్లు ఇండిపెండెన్స్ పట్నానికి నలభై మైళ్ళు. నిజానికి సుమారు పదమూడు మైళ్ళే. ఆ చోటును కనిపెట్టడానికి పనికొచ్చింది 1870 జనాభా లెక్కల కాగితం. ఆ ఏడాది ఆగస్టు 3న మూడో అమ్మాయి క్యారీ అక్కడే పుట్టింది.

పదమూడా నలభయ్యా అన్నది చిన్న తేడా. అసలు ప్రశ్న ఆ భూమి ఎవరిది అన్నది. అది ఓసేజ్ తెగవారి భూమి. 1869 నాటికి అక్కడ తెల్లవాళ్ళు కాపురం పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అయినా వేలమంది వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు. ముందు ఆక్రమిస్తే తర్వాత ప్రభుత్వమే పట్టా ఇస్తుందని వాళ్ళ ధీమా. చివరికి జరిగిందీ అదే. 1870 జులైలో కాంగ్రెసు చట్టం చేసింది. ఎకరా డాలరుం పావు చొప్పున సెటిలర్లకు అమ్మకం, ఓసేజ్ వారికి దక్షిణాన ఇప్పటి ఓక్లహోమాకు ప్రయాణం. పుస్తకంలో చార్లెస్ కుటుంబాన్ని సైనికులు ఖాళీ చేయించబోతారు, వాళ్ళు అన్యాయమైపోయినట్టు అనిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేసి శాశ్వతంగా పోయింది మాత్రం ఓసేజ్ వారు. 1935లో వచ్చిన ఆ పుస్తకం మొదటి పేజీల్లో, స్థానిక తెగలవారు మనుషుల లెక్కలో లేరన్నట్టు ధ్వనించే వాక్యం ఒకటుండేది. ఒక పాఠకుల ఉత్తరం తర్వాత 1953 ముద్రణలో అందులో ఒక మాట మార్చారు. లారా తన తప్పు ఒప్పుకుని దిద్దించింది. అయినా పుస్తకంలో మిగతా చూపు అలాగే ఉండిపోయింది. 2018లో అమెరికన్ లైబ్రరీ సంఘం పిల్లల విభాగం తమ పురస్కారం నుంచి ఆవిడ పేరు తీసేయడానికి కారణం ఇదే.

అదే కాన్సస్‌లో ఇంకో మనిషిని తలుచుకోవాలి. ఇంటిల్లిపాదికీ మలేరియా వచ్చి మంచం పడితే వైద్యం చేసి బతికించినవాడు డాక్టర్ జార్జ్ టాన్. ఆయన నల్లజాతి వైద్యుడు. ఇది కల్పన కాదు. 1870 లెక్కల్లో ఆయన వాళ్ళ పొరుగునే ఉన్నాడు. ఆయన సమాధి ఇండిపెండెన్స్‌లో ఇప్పటికీ ఉంది.

1871లో కుటుంబం తిరిగి విస్కాన్సిన్ చేరింది. పాత పొలం కొన్నవాడు బాకీ తీర్చలేకపోవడంతో ఆ పొలం మళ్ళీ వీళ్ళ చేతికే వచ్చింది. దాన్ని ఇంకోసారి అమ్మి, 1874లో మిన్నెసోటాలోని వాల్‌నట్ గ్రోవ్ దగ్గర వాగు గట్టున పొలం పట్టారు. గోధుమ ఏపుగా పెరిగింది. చార్లెస్ పంట మీద ఆశతో అప్పుచేసి ఇల్లు కట్టాడు. అప్పుడు మిడతల దండు దిగింది.

రాకీ పర్వతాల మిడత అంటారు దాన్ని. 1873 నుంచి 1877 వరకూ ఆ ప్రాంతాన్ని పీల్చి పిప్పిచేసింది. పంట తిన్నాక గుడ్లు పెట్టి పోయేది. మరుసటేడు ఆ గుడ్లు పొదిగి మళ్ళీ తినేవి. 1877 ఏప్రిల్ 26న మిన్నెసోటా గవర్నరు జాన్ పిల్స్‌బరీ రాష్ట్రమంతా ప్రార్థన దినం ప్రకటించాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆకాశాన్ని కప్పేసిన ఆ మిడత జాతి తర్వాత పాతికేళ్ళకే అంతరించింది. 1902లో దొరికిన తర్వాత ప్రాణంతో మళ్ళీ ఎవరికీ దొరకలేదు.

పుస్తకంలో మిడతలున్నాయి. చార్లెస్ చిరిగిన బూట్లతో కాలినడకన తూర్పుకు వెళ్ళి కోతకూలి చేసి డబ్బు పంపడమూ ఉంది. లేనిదేమిటో చెబుతాను. 1875 చివర్లో చార్లెస్ అధికారుల ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. తన దగ్గర బతకడానికి ఏ ఆధారమూ లేదని ఆ కాగితం సారాంశం. ఆ సంతకం పెడితే ప్రభుత్వ సహాయం కింద రెండు సగం పీపాల పిండి ఇచ్చారు.

పుస్తకాల్లోని చార్లెస్ ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి. ఫిడేలు వాయిస్తూ పిల్లల్ని నవ్వించే నాన్న. ఆ మనిషే పిల్లల ఆకలి కోసం "నాకేమీ లేదు" అని రాసిచ్చాడు. నాకైతే ఈ సంతకం తెలిశాక ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ నవంబరు 1నే వాళ్ళింట్లో మగపిల్లాడు పుట్టాడు. పేరు చార్లెస్ ఫ్రెడరిక్, ముద్దుగా ఫ్రెడ్డీ. 1876లో పొలం అమ్మేసి బయల్దేరి, దారిలో బంధువుల ఇంట ఆగినప్పుడు ఆగస్టు 27న తొమ్మిది నెలల ఫ్రెడ్డీ పోయాడు. పిల్లాణ్ణి అక్కడే పాతిపెట్టి, ఐయోవాలోని బర్ ఓక్ అనే ఊరికి హోటల్ పనికి వెళ్ళారు. రైతు కుటుంబం కాస్తా హోటల్లో వంటా, గిన్నెలూ, పక్కలూ సర్దే కుటుంబమైంది. అక్కడే 1877లో చివరి అమ్మాయి గ్రేస్ పుట్టింది. ఆ ఊళ్ళో డాక్టరుగారి భార్య లారాను తమకు పెంపకానికి ఇమ్మని అడిగిందట. కారొలైన్ ఒప్పుకోలేదు. అద్దె బాకీ తర్వాత పంపుతామంటే ఇంటి యజమాని ఒప్పుకోకపోవడంతో, ఒక రాత్రి బండి కట్టుకుని ఊరు దాటి వాల్‌నట్ గ్రోవ్‌కు తిరిగి వచ్చేశారు.

ఫ్రెడ్డీ ఏ పుస్తకంలోనూ లేడు. బర్ ఓక్ ఏ పుస్తకంలోనూ లేదు. నాకు లెక్క కుదరని సంవత్సరాలు ఇవే.

1879లో పద్నాలుగేళ్ళ మేరీకి జబ్బు చేసి చూపు పోయింది. పుస్తకంలో స్కార్లెట్ ఫీవర్ అని ఉంటుంది. 2013లో వైద్య పరిశోధకులు ఉత్తరాలు, పాత పత్రికలు పరిశీలించి, అది వైరస్ వల్ల మెదడుకూ దాని పొరలకూ వచ్చిన వాపు అయ్యుండవచ్చన్నారు. అదే ఏడు చార్లెస్ రైలు మార్గం వేస్తున్న కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగానికి డకోటా వెళ్ళాడు. రైలు ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసినవాడు కాబట్టి, అక్కడ వెలిసిన డి స్మెట్ పట్నం దగ్గర 1880లో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టాడు.

ఇది హోమ్‌స్టెడ్ చట్టం కింద. 1862 మే 20న లింకన్ సంతకం చేసిన చట్టం. రుసుములు మొత్తం కలిపి సుమారు 18 డాలర్లు. ఐదేళ్ళు అక్కడే కాపురముండాలి, ఇల్లు కట్టాలి, సాగు చెయ్యాలి, ఇద్దరు సాక్షుల చేత చెప్పించాలి. అప్పుడే పట్టా. నివాసం రుజువు, సాక్షి పత్రాలు, సంవత్సరాల ఎదురుచూపు... ఈ హాల్లో గ్రీన్ కార్డు ఫైలు మోసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు! ఆ చట్టం కింద మొత్తం 27 కోట్ల ఎకరాలు చేతులు మారాయి. పెళ్ళికాని ఆడవాళ్ళకూ హక్కు ఇచ్చింది. మన క్యారీయే 1907లో సొంతంగా భూమి పట్టింది. ఇంకో షరతు కూడా ఉంది. పౌరుడై ఉండాలి, లేదా పౌరుడవుతానని ప్రకటించాలి. అప్పట్లో పౌరసత్వం తెల్లవాళ్ళకు, 1870 నుంచి ఆఫ్రికా సంతతి వారికి మాత్రమే. భారతీయులు దానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. కాబట్టి "ఎవరికైనా ఉచితంగా భూమి" అనే మాటలో మనబోటివాళ్ళు లేరు.

1880-81 చలికాలం సంగతి చాలామందికి తెలుసు. అక్టోబరు మధ్యలోనే మంచు తుపాను. జనవరిలో రైళ్ళు ఆగిపోయాయి, మేలో గానీ రాలేదు. కట్టెలు లేక ఎండుగడ్డిని మెలిపెట్టి కాల్చారు. గోధుమల్ని కాఫీ మరలో విసిరి రొట్టె చేసుకున్నారు. పుస్తకంలో ఆ చలికాలమంతా ఇంట్లో ఆరుగురే. నిజానికి ఇంకో జంట, వాళ్ళ పసిబిడ్డ కూడా అదే ఇంట్లో, అదే రొట్టె పంచుకుంటూ ఉన్నారు. కథ కోసం లారా వాళ్ళను తీసేసింది.

ఈ కష్టాల మధ్యే 1881లో మేరీని ఐయోవాలోని వింటన్ అంధుల కళాశాలలో చేర్పించారు. ఫీజు డకోటా ప్రభుత్వం భరించింది. ప్రయాణం, బట్టలు ఇంటివాళ్ళవి. లారా కుట్టుపని చేసి, పదహారేళ్ళు నిండకముందే బడిలో పాఠాలు చెప్పి సంపాదించింది. 1889లో మేరీ చదువు పూర్తయింది. అక్క చదువు కోసం చెల్లెలు సంపాదించడం మనకు కొత్త కథ కాదు. ఈ సభలోనే అలాంటి చెల్లెళ్ళు, అలాంటి అన్నలు ఉన్నారు.

ఇక పొలం సంగతి. 1886లో చార్లెస్ రుజువులన్నీ చూపించి పట్టాకు అర్హుడయ్యాడు. మరుసటేడే పట్నంలో ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఆ పొలం అమ్మేశాడు. చివరి వరకూ ఆయన్ని పోషించింది ఎక్కువగా వడ్రంగం, చిన్నా చితకా ఉద్యోగాలే. వానలు సరిగా పడని ఆ నేలలో 160 ఎకరాలు ఒక కుటుంబానికి చాలవని చాలామందికి తర్వాత తెలిసింది. 1902 జూన్ 8న చార్లెస్ పోయాడు.

లారా 1885లో ఆల్మాంజో వైల్డర్‌ను పెళ్ళాడి, 1894లో మిస్సోరికి వలస వెళ్ళింది. తండ్రి చివరి రోజుల్లో డి స్మెట్ వచ్చి చూసింది. ఆ తర్వాత తల్లిని మళ్ళీ చూడలేదు. 1924లో కారొలైన్ పోయినప్పుడూ వెళ్ళలేదు. ఒకే దేశంలో ఉండి ఇరవై రెండేళ్ళు. విమాన టికెట్ దొరక్క స్కైపులోనో వాట్సాప్‌లోనో అమ్మ అంత్యక్రియలు చూసినవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది. తల్లి పోయిన మరుసటేడే లారా తన పెద్దమ్మ మార్తాకు ఉత్తరం రాసింది. మీ చిన్ననాటి సంగతులు, అమ్మ సంగతులు గుర్తున్నవన్నీ రాసి పంపమని. అడగాల్సిన మనిషి పోయాక అడగడం మొదలైంది. 1930లో పెన్సిలుతో తన జీవిత కథ రాసింది. అందులో ఫ్రెడ్డీ ఉన్నాడు, బర్ ఓక్ ఉంది, రాత్రి ప్రయాణం ఉంది. ప్రచురణకర్తలు తిప్పి పంపారు. దాన్నే కూతురు రోజ్ సహాయంతో పిల్లల పుస్తకాలుగా మలిస్తే, 1932లో మొదటిది వచ్చింది. అప్పటికి లారాకు 65 ఏళ్ళు. ఆ పెన్సిలు ప్రతి "పయనీర్ గర్ల్" పేరుతో 2014లో అచ్చయింది. అంటే కుటుంబం నిజంగా పడ్డ పాట్లు అచ్చులోకి రావడానికి ఎనభై నాలుగేళ్ళు పట్టింది.

కొన్నేళ్ళ కిందట మా నాన్నగారు ఇక్కడికొచ్చినప్పుడు డి స్మెట్ తీసుకెళ్ళాను. మాది గుంటూరు జిల్లా. ఆయన అక్కడి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసి, "ఎకరాకు ఎన్ని బస్తాలు పండేదో కనుక్కోరా" అన్నారు. చార్లెస్ నాటిన చెట్ల నీడలో కూర్చుని బర్ ఓక్ సంగతి, ఫ్రెడ్డీ సంగతి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నీకు ఇంకో మేనత్త ఉండేదిరా" అన్నారు. మా తాతగారు 1960లలో గంగావతి దగ్గర తుంగభద్ర ఆయకట్టులోని క్యాంపుకు వలస వెళ్ళారని మాకు తెలుసు. అక్కడ చవగ్గా పొలం కొని బాగుపడ్డారని చెప్పుకుంటాం. బంధువుకు హామీ ఉండి, ఆ అప్పుకింద ఉన్న మూడెకరాలూ అమ్ముకుని వెళ్ళారని నాకు తెలియదు. క్యాంపులో మొదటి ఏడాదే జ్వరంతో నాలుగేళ్ళ పిల్ల పోయిందని తెలియదు. ఆ పిల్ల పేరు సుబ్బులు. మా నాన్నగారు ఆ పేరు పలికింది నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు చివరి మాట. చార్లెస్, కారొలైన్‌లకు ఈరోజు వారసులెవరూ లేరు. మేరీ పెళ్ళి చేసుకోలేదు. క్యారీకి, గ్రేస్‌కు సొంత పిల్లలు లేరు. లారాకు 1889లో పుట్టిన కొడుకు రోజుల్లోనే పోయాడు. మిగిలిన ఒక్క కూతురు రోజ్‌కూ పిల్లలు నిలవలేదు. 1968లో రోజ్‌తో ఆ వంశం ముగిసింది. అయినా ప్రపంచంలో కోట్లమందికి ఆ ఇల్లు తెలుసు. ఎవరో ఒకరు కూర్చుని రాశారు కాబట్టి. అయితే ఆ రాసినదాన్ని సరిచూసుకోవడానికి జనాభా లెక్కలు, భూమి కాగితాలు, పిండి కోసం పెట్టిన సంతకం కూడా మిగిలాయి కాబట్టి ఈనాడు మనకు ఆ మనుషులు పూర్తిగా అర్థమవుతున్నారు.

మనం కూడా పిల్లలకు కథ చెబుతున్నాం. "రెండు సూట్‌కేసులు, జేబులో కొన్ని డాలర్లు, కష్టపడి పైకొచ్చాం." మంచి కథే, అబద్ధం కాదు. కానీ ఆ కథలో ఉద్యోగం పోయిన ఏడాది ఉందా? సూట్‌కేసులు కొనడానికి ఎవరి గొలుసు తాకట్టులోకి వెళ్ళిందో ఉందా? నిలవని బిడ్డ పేరు ఉందా? మనం సాగుచేసిన నేల అంతకుముందు ఎవరిదో ఉందా? రేపు మన పిల్లలకు ఒక చెడ్డ ఏడాది వచ్చినప్పుడు, వాళ్ళకు ఆసరా ఇచ్చేది మన గెలుపు కథ కాదు. "మా తాత కూడా ఒకసారి ఇలా చెయ్యి చాచాడు, అయినా నిలబడ్డాడు" అన్న సంగతి.

అందుకని ఒక చిన్న పని. ఈ సభలకు అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ రాత్రి హోటల్ గదిలో వాళ్ళ పక్కన కూర్చోండి. "మీరు ఎంత గొప్పగా బతికారు" అని అడగకండి. ఏ ఏడాది ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరి పొలం చేశారు, ఎంత అప్పుండేది, ఎవరు పోయారు అని అడగండి. ఫోనులో రికార్డు చెయ్యండి. ఊరెళ్ళినప్పుడు పాత దస్తావేజులు, అడంగల్ నకళ్ళు, రేషన్ కార్డు, ఉత్తరాలు ఫొటో తీసి దాచండి. ఆ తర్వాత మీకు నచ్చినట్టు పిల్లలకు కథ చెప్పుకోండి. పూర్తి ప్రతి మాత్రం ఇంట్లో ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయట.